అలెప్పో విత్తనాలు - స్వాల్‌బార్డ్ మంచు గోదాము

(సంఘం కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతుల్లో మాకు అప్పజెప్పిన అంశం విత్తనం. విత్తనం అనగానే మనకు గుర్తొచ్చేది మొలవని పత్తి ప్యాకెట్లు, జూన్ నెలలో షాపుల ముందు పాసుబుక్కుల వరుసలు. వాటి మీద మధ్యాహ్నం వేరే తరగతి ఉంది. మేము మాత్రం రెండు దూరదేశాల గురించి చెప్పదలిచాం. ఒకటి ఉత్తర ధ్రువం దగ్గర, పంట అన్నదే పండని చోటు. రెండోది సిరియా, మనిషి మొట్టమొదట సేద్యం నేర్చిన చోట్లలో ఒకటి. మన బాధలు మనకుండగా ఊళ్లు తెలియని ఊళ్ల కథలెందుకని వెనక వరుసలో పెద్దాయన మొహం అడుగుతూనే ఉంది. కాసేపు ఓపిక పట్టు పెద్దయ్యా. ఆ రెండు చోట్ల మధ్య విత్తనాల పెట్టెలు తిరిగాయి. మన పటాన్‌చెరు నుంచి కూడా అక్కడికి పెట్టెలు పోయాయి.

ముందు చలి దేశం సంగతి. నార్వేకు ఉత్తరాన సముద్రం మధ్యలో స్వాల్‌బార్డ్ అనే దీవులున్నాయి. వైశాల్యం సుమారు 61 వేల చదరపు కిలోమీటర్లు. అంటే మన తెలంగాణలో సగం కంటే కొంచెం ఎక్కువ. జనం ఎంతమంది అనుకుంటున్నారు? మొత్తం మూడు వేల లోపే. మన దగ్గర ఒక మోస్తరు మేజర్ పంచాయతీలో ఉండేటంత మంది. వాళ్లలో ఎక్కువమంది లాంగ్‌ఇయర్‌బయెన్ అనే ఒక్క ఊళ్లో ఉంటారు. నేలలో సగానికి పైగా ఎప్పుడూ కరగని మంచు గడ్డే.

అక్కడ అక్టోబరు చివర పొద్దు గూకితే మళ్లీ ఫిబ్రవరి నడిమికి గాని సూర్యుడు కనపడడు. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు దాకా అసలు పొద్దే గూకదు. చెట్టు లేదు. వానా మంచూ కలిపి ఏడాదికి 200 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది, అంటే అది ఒక రకం ఎడారి. నేల అడుగున ఏడాది పొడవునా గడ్డ కట్టే ఉంటుంది, వేసవిలో పైపొర మాత్రం కరుగుతుంది. అందుకని ఇళ్లు స్తంభాల మీద కట్టుకుంటారు. పాతిపెట్టిన శవపేటికను నేల మెల్లమెల్లగా పైకి నెట్టేస్తుందని, 1950 ప్రాంతం నుంచి ఊరి శ్మశానంలో పేటికలు పాతడం ఆపేశారు. కాన్పు దగ్గరపడిన ఆడవాళ్లు ముందే విమానమెక్కి నార్వేకు పోవాలి. ఊరు దాటి బయటికి పోయేవాళ్లు తుపాకి వెంట పెట్టుకుంటారు, ధ్రువపు ఎలుగుబంట్ల భయం. తినే తిండి దాదాపు అంతా ఓడలో, విమానంలో రావాల్సిందే.

ఇంకో సంగతి. నార్వే అనగానే పింఛన్లు, ఉచిత వైద్యం, పనిపోతే భత్యం అని మనం వింటాం. ఆ వసతులు చాలావరకు స్వాల్‌బార్డ్‌కు వర్తించవు. తన పోషణ తాను చూసుకోలేని మనిషిని గవర్నరు దీవి నుంచి పంపించేయొచ్చు. పన్నులు మాత్రం తక్కువ. 1920లో పారిస్‌లో జరిగిన ఒప్పందం ప్రకారం దీవులు నార్వేవి, కాని సంతకం పెట్టిన దేశాల పౌరులెవరైనా అక్కడ వీసా లేకుండా ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. ఆ సంతకాల్లో బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న మన దేశం పేరు కూడా ఉంది. 2008 నుంచి అక్కడ మన ప్రభుత్వానికి హిమాద్రి అనే పరిశోధన కేంద్రం నడుస్తోంది. ఆ దీవుల్ని యుద్ధ అవసరాలకు వాడకూడదని కూడా అదే ఒప్పందంలో ఉంది. ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఊరు పుట్టింది బొగ్గు కోసం. 1906లో లాంగ్‌ఇయర్ అనే అమెరికా వ్యాపారి గని తవ్వించాడు, ఊరికి ఆయన పేరే నిలిచిపోయింది. నూరేళ్లకు పైగా బొగ్గు తవ్వి 2025లో నార్వే వాళ్లు తమ చివరి గనిని మూసేశారు. ఇప్పుడు ఊరికి బతుకుతెరువు టూరిస్టులు, పరిశోధన.

ఇక సిరియా. మధ్యధరా సముద్రానికీ యూఫ్రటీస్ నదికీ నడుమ అలెప్పో నగరం ఉంది. తూర్పు నుంచి ఒంటెల మీద వచ్చిన సరుకు, పడమటి నుంచి ఓడల్లో వచ్చిన సరుకు అక్కడ చేతులు మారేది. బిడారులు దిగే సత్రాలను వాళ్లు ఖాన్‌లు అంటారు. పైకప్పు వేసిన బజారు వీధులు కిలోమీటర్ల పొడవున ఉండేవి. అరబ్బులు, కుర్దులు, ఆర్మేనియన్లు, క్రైస్తవులు, ముస్లింలు ఒకే బజారులో బేరాలాడేవాళ్లు. 1915లో టర్కీలో ఊచకోత నుంచి పారిపోయొచ్చిన ఆర్మేనియన్లకు చోటిచ్చిన ఊరది. మనకూ అలెప్పోకూ పాత బంధమే ఉంది. 1583లో లండన్ నుంచి బయల్దేరిన రాల్ఫ్ ఫిచ్ అనే వర్తకుడు అలెప్పో మీదుగా బస్రా, హోర్ముజ్, గోవా చేరి, అక్కణ్నుంచి మన గోల్కొండ దాకా వచ్చాడు.

అక్కడ వానలు పడేది చలికాలంలో. ఏడాదికి సుమారు 330 మిల్లీమీటర్లు. మన అనంతపురంలో 550 దాకా పడుతుంది, అయినా కరువు జిల్లా అంటాం. ఆ కొద్ది వానకే గోధుమ, బార్లీ, మసూర్, శనగ పండించడం వాళ్లు వేల ఏళ్ల క్రితం నేర్చారు. యూఫ్రటీస్ ఒడ్డున అబూ హురైరా అనే దిబ్బలో 11 వేల ఏళ్లకు పైబడిన సేద్యం ఆనవాళ్లు దొరికాయి. 1970లలో తబ్కా డ్యామ్ కట్టినప్పుడు ఆ దిబ్బ నీళ్ల కింద మునిగిపోయింది. శ్రీశైలం ముంపు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ప్రకాశం, కర్నూలు నల్లరేగడిలో మనం వేసే శనగకు మూలమైన అడవి మొక్క ఈనాటికీ సిరియా సరిహద్దుకు పైన, టర్కీ ఆగ్నేయ కొండల్లోనే దొరుకుతుంది. శనగకు అది పుట్టిల్లు, మనది మెట్టినిల్లు.

ఒకవైపు మూడు వేల మంది, మరోవైపు యుద్ధానికి ముందు రెండు కోట్ల పైచిలుకు జనం. ఒకచోట విత్తు వేస్తే మొలవదు, ఇంకోచోట మనిషి విత్తును పట్టుకున్నాడు. అటు నూరేళ్ల ఊరు, ఇటు నాగరికతల మీద నాగరికతలు పేరుకున్న ఊరు. మరి విత్తనం ఎక్కడ భద్రంగా ఉండాలి? పుట్టినచోటే ఉండాలని ఎవరైనా అంటారు. కానీ అలా జరగలేదు.

1977లో అలెప్పోకు దక్షిణాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో తెల్ హద్యా అనే చోట ఇకార్డా పరిశోధన కేంద్రం పెట్టారు. మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌కు చెల్లెలు లాంటిది, మెట్ట ప్రాంతాల పంటల కోసం పెట్టింది. అక్కడి విత్తన నిధిలో దాదాపు లక్షా యాభై వేల నమూనాలు చేర్చారు. ఊరూరా తిరిగి రైతుల గాదెల నుంచి, గట్ల మీది అడవి గడ్డి నుంచి సేకరించినవి. పక్కనున్న ఇరాక్‌లో అబూ గ్రైబ్‌లో ఉన్న విత్తన నిధి 2003 అమెరికా దాడి సమయంలో ధ్వంసమైంది. ఇరాక్ శాస్త్రవేత్తలు ముందుచూపుతో కొన్ని నమూనాలు అలెప్పోకు పంపి ఉంచారు గనుక ఆ కొన్నయినా మిగిలాయి. ఆ మరుసటి ఏడాది, 2004 ఏప్రిల్‌లో, ఇరాక్‌ను ఏలుతున్న అమెరికా అధికారి బ్రెమర్ 81వ నంబరు ఉత్తర్వు ఇచ్చాడు. రక్షణ పొందిన కొత్త రకాల విత్తనాన్ని రైతు దాచుకుని మళ్లీ వేయకూడదని అందులో ఉంది. పాత విత్తనం యుద్ధంలో పోయింది, కొత్త విత్తనం మీద చట్టం వచ్చింది. రెంటికీ మధ్య ఏడాది గడువు.

ఇప్పుడు సిరియా రైతు ఎలా చితికిపోయాడో చెప్పాలి. ఈ భాగం మనది మనం విన్నట్టే ఉంటుంది. 1990లలో సిరియా గోధుమలో స్వయంసమృద్ధి సాధించింది. ప్రభుత్వం మద్దతు ధరకు కొనేది, డీజిల్ మీద, ఎరువు మీద రాయితీ ఉండేది. దాన్ని నమ్ముకుని రైతులు బోర్ల మీద బోర్లు వేశారు. భూగర్భజలం అడుగంటింది, ఈశాన్యంలో ఖబూర్ నది ఎండింది. 2006 నుంచి వరసగా కరువు, 2007-08 మరీ ఘోరం. నీరు లోతుకు పోయింది, తోడాలంటే డీజిల్ కావాలి. సరిగ్గా ఆ 2008 మే నెలలో ప్రభుత్వం డీజిల్ రాయితీ కోసేసింది. లీటరు 7 పౌన్ల నుంచి 25కు, ఒక్క దెబ్బలో మూడింతలకు మించి పెరిగింది. మరుసటి ఏడాది ఎరువు రాయితీ పోయింది. దీనికి వాళ్లు పెట్టిన పేరు సంస్కరణలు. హసకా, రఖ్ఖా, దేర్ అజ్ జోర్ ప్రాంతాల నుంచి లక్షల మంది గొర్రెల్ని తెగనమ్ముకుని పట్నాల అంచున గుడిసెలు వేసుకున్నారు. గోధుమ పండించే దేశం గోధుమ దిగుమతి చేసుకుంది.

2011 మార్చిలో దరా పట్నంలో జనం రోడ్డెక్కారు, సైన్యం కాల్చింది, ఆ తర్వాతది యుద్ధం. వాతావరణ మార్పు వల్లనే సిరియా యుద్ధం వచ్చిందని కొందరు పెద్దలు రాస్తుంటారు. మేము ఒప్పుకోం. ఆ కరువే పక్క దేశాల్లో కూడా పడింది. కరువులో రైతు చేయి వదిలేసిన సర్కారు, నోరెత్తితే జైలు, పైనుంచి నాలుగు దేశాల ఆయుధాలు, ఇవన్నీ కలిస్తే యుద్ధమైంది. వానను దోషిగా నిలబెడితే పాలకులు తప్పించుకుపోతారు.

యుద్ధంలో అలెప్పో రెండు ముక్కలైంది. 2012 సెప్టెంబరులో పాత బజారు తగలబడింది. దేశ జనాభాలో సగానికి పైగా ఇల్లు వదిలి పోయారు. ఇకార్డా విదేశీ సిబ్బంది 2012లోనే వెళ్లిపోయారు, బండ్లు, గొర్రెలు లూటీ అయ్యాయి. కాని అక్కడి సిరియా ఉద్యోగులు కొందరు ఉండిపోయారు. కరెంటు, జనరేటరు చూసుకుంటూ చల్లటి గదులు నడిపించారు. ఆ ప్రాంతం సాయుధ ముఠాల చేతిలోకి పోయాక కూడా కొంతకాలం నడిపారు. అంతకుముందే, 2008 నుంచి, ప్రతి నమూనాలో కొంత పెట్టెల్లో సర్ది దేశం దాటించే పని మొదలుపెట్టారు. 2014 నాటికి ఒక లక్షా 16 వేల నమూనాలు భద్రమైన చోటికి చేరాయి. ఆ చోటే స్వాల్‌బార్డ్.

లాంగ్‌ఇయర్‌బయెన్ విమానాశ్రయం పక్కన కొండలోకి నూరు మీటర్లకు పైగా సొరంగం తవ్వి నార్వే ప్రభుత్వం విత్తనాల గోదాము కట్టింది. 2008 ఫిబ్రవరి 26న తెరిచారు. లోపల మైనస్ 18 డిగ్రీలు. కరెంటు పోయినా చుట్టూ ఉన్న గడ్డ నేల చలి కాస్తుంది. ఇప్పుడు అందులో 13 లక్షలకు పైగా నమూనాలున్నాయి. బ్యాంకు లాకరు పద్ధతి. పెట్టె దాచినవాళ్లదే, వాళ్లు తప్ప ఎవరూ తెరవకూడదు, నార్వే కూడా తెరవదు. మిరపకాయలు కోల్డ్ స్టోరేజీలో పెట్టే గుంటూరు రైతుకు ఈ ఏర్పాటు తేలిగ్గా అర్థమవుతుంది. కాకపోతే అక్కడ బస్తాకు అద్దె లేదు, సరుకు మీద అప్పిచ్చి గొంతు మీద కూర్చునే వ్యాపారీ లేడు.

2015లో ఇకార్డా తన పెట్టెలు కొన్ని తిరిగి అడిగింది. గోదాము తెరిచాక బయటికి తీసిన మొదటి విత్తనాలవే, సుమారు 38 వేల నమూనాలు. ప్రళయం వస్తే పనికొస్తాయని కట్టిన గోదాము ఏడేళ్లకే అక్కరకొచ్చింది, ప్రళయం మాత్రం మనుషులే తెచ్చారు. ఆ గింజల్ని లెబనాన్‌లో బెకా లోయలోనూ, మొరాకోలోనూ విత్తి, పెంచి, నూర్చి, 2017 నుంచి మళ్లీ కొత్త గింజలు స్వాల్‌బార్డ్‌కు పంపారు.

బెకా లోయ సంగతి ఒక్కటి చెప్పి ముందుకు పోతాం. సిరియా నుంచి పారిపోయొచ్చిన రైతు కుటుంబాలు లక్షలాదిగా చేరింది కూడా ఆ లోయలోనే. ప్లాస్టిక్ పట్టాల గుడారాల్లో ఉంటూ పరాయి పొలాల్లో రోజుకూలి చేశారు. విత్తనానికి విమానం దొరికింది, చలిగది దొరికింది, భద్రం చేసిన దేశానికి మెచ్చుకోలు దొరికింది. ఆ విత్తనాన్ని వేల ఏళ్లు కాపాడిన మనుషులకు పట్టా గుడారం దొరికింది. 2024 డిసెంబరులో అసద్ ప్రభుత్వం కూలాక కొందరు ఊళ్లకు తిరిగిపోతున్నారు. పోయినవాళ్లకు 2025లో మళ్లీ తీవ్రమైన కరువు ఎదురొచ్చింది.

స్వాల్‌బార్డ్ గోదాము మంచిదా చెడ్డదా అని మొన్న కమిటీలో పెద్ద వాదనే జరిగింది. మా మాట ఇది. అది లేకపోతే అలెప్పో విత్తనాల్లో చాలా భాగం పోయేది. కాబట్టి అది కావాలి. కానీ అది చాలదు. మొదటి కారణం, చలి కూడా శాశ్వతం కాదు. 2016లో వెచ్చటి గాలులకు వాన పడి, మంచు కరిగి, సొరంగం ముఖద్వారంలోకి నీళ్లొచ్చాయి. విత్తనాల గదుల దాకా రాలేదు గాని, తర్వాత నార్వే చాలా డబ్బు పోసి ద్వారం తిరగ్గట్టాల్సి వచ్చింది.

రెండో కారణం మనకు పొలంలో తెలిసిందే. గడ్డకట్టిన గింజ ఏమీ నేర్చుకోదు. చేలో వేసిన విత్తనం ప్రతి ఏడూ కొత్త తెగులును చూస్తుంది, వెనకబడిన వానను చూస్తుంది, తట్టుకున్నది నిలుస్తుంది, మన అమ్మలు కంకి చూసి ఏరి దాస్తారు. 2008లో పెట్టెలో పెట్టిన జొన్న 2008 దగ్గరే ఆగిపోయి ఉంటుంది. పైగా ఏ గింజకైనా మొలకశక్తి తగ్గుతూ వస్తుంది, ఎప్పటికప్పుడు తీసి మట్టిలో వేసి కొత్తది చేసుకోవాల్సిందే. అలెప్పో గింజలకు బెకా లోయ మట్టి కావాల్సి వచ్చింది కదా. పొలం లేకుండా గోదాము లేదు.

మూడోది తాళం ఎవరి చేతిలో ఉందన్నది. పెట్టె దాచినవాళ్లదే అన్నాం. దాచినవాళ్లంటే ప్రభుత్వాలు, పరిశోధన సంస్థలు. గింజ ఇచ్చిన రైతు పేరు మీద పెట్టె ఉండదు. గోదాము నడపడంలో భాగమున్న పంటల ట్రస్టుకు నిధులిచ్చినవాళ్లలో సింజెంటా, డ్యూపాంట్ పయనీర్ కంపెనీలు కూడా ఉన్నాయి. అంతమాత్రాన వాళ్లు పెట్టెలు ఎత్తుకుపోతారని మేము అనడం లేదు. విత్తనం అమ్ముకునేవాడు విత్తన భద్రతకు ఖర్చు పెడుతున్నాడంటే తన లెక్క తనకుంటుందని మాత్రం అంటున్నాం.

ఇప్పుడు ఇంటికొద్దాం. 1972లో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ పెట్టారు. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, రాగి, చిరుధాన్యాల నమూనాలు అక్కడ లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగానికి స్వాల్‌బార్డ్‌లో జోడు పెట్టెలున్నాయి. అంటే మన తాతలు వేసిన పచ్చజొన్న కోసం వెతికితే మన ఊళ్లో దొరక్కపోవచ్చు గాని, ఎలుగుబంట్లు తిరిగే దీవిలో కొండ కడుపులో దొరుకుతుంది. పరిశోధనకు, బ్రీడింగుకు అడిగితే పటాన్‌చెరులో ఒప్పందం రాయించుకుని కొద్ది గింజలిస్తారు. ఆ కాగితాల పని కంపెనీకీ యూనివర్సిటీకీ తేలిక. మన మండలంలో ఎంతమందిమి ఆ గేటు దాకా పోయాం?

మన ఇళ్లలో గుమ్ములు, గాదెలు, పాతరలు ఏమయ్యాయి? కంది గింజకు ఎర్రమట్టి పూసి, జొన్నలో బూడిద, వేపాకు కలిపి దాచిన చేతులు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల దళిత మహిళా సంఘాలు బుట్టల్లో, కుండల్లో పదుల రకాల విత్తనాలు నిలబెట్టుకున్నాయి. కరెంటు బిల్లు లేదు. ఒక ఇంట్లో పోతే పక్క ఊళ్లో దొరుకుతుంది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 2001 చట్టం ప్రకారం రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవచ్చు. రక్షణ పొందిన రకానికి కూడా ఇది వర్తిస్తుంది. అయినా 2019లో గుజరాత్‌లో బంగాళాదుంప రైతుల మీద పెప్సికో కంపెనీ కేసులు వేసింది, దేశమంతా రైతులు గొడవ చేశాక వెనక్కి తీసుకుంది. 2025 నవంబరులో కేంద్రం కొత్త విత్తన బిల్లు ముసాయిదా పెట్టింది. రైతు విత్తనం దాచుకునే హక్కు ఉంటుందని అందులోనూ రాశారు. మంచిదే. దాచుకోవడానికి ఇంట్లో గింజ ఉండాలి కదా. పత్తిలో మనకు ఇప్పటికే ఏటా ప్యాకెట్టు కొనడం తప్ప వేరే దారి లేదు. హక్కు కాగితం మీద, గింజ కంపెనీ గోదాములో ఉంటే ఇరాక్ రైతుకూ మనకూ తేడా ఎంతో మీరే లెక్కవేసుకోండి.

సంఘం తరఫున అనుకున్న పనులు చెప్పి ముగిస్తాం. బిల్లు మీద మన అభ్యంతరాల పత్రం తెలుగులో వేశాం, ప్రతి గ్రామ కమిటీ దాన్ని చదివించాలి, సంతకాలు పెట్టించాలి. నాసి విత్తనంతో పంట పోతే నష్టపరిహారం ఎవరు ఎన్ని రోజుల్లో ఇవ్వాలో బిల్లులోనే రాయాలన్నది మన మొదటి డిమాండు. ఇక్రిశాట్‌లో ఉన్న మన జిల్లా రకాల జాబితా అడుగుతూ లేఖ తయారైంది. తర్వాత ఒక బృందంగా పోయి అడుగుతాం. అందులో ఆడవాళ్లు సగం ఉండాలి, ఎందుకంటే గింజ గుర్తుపట్టేది వాళ్లే.

ఏరువాకకు ముందు ప్రతి ఊరి నుంచి ఇంటి విత్తనం ఏది మిగిలి ఉంటే అది తెండి. కొర్ర, సామ, పచ్చజొన్న, ఎర్ర కంది, నాటు వేరుశనగ, బీర, సొర, ఏదైనా సరే. దోసెడు చాలు. గింజ పేరు, ఎవరింటిది, ఏ నేల, ఎన్నేళ్లుగా వేస్తున్నారు అన్నది చీటీ మీద రాయించండి, రాయడం రానివాళ్లకు పిల్లలు రాసిపెడతారు. ప్లాస్టిక్ కవర్లో తేవద్దు, చెమ్మ పడుతుంది. ఎండబెట్టి గుడ్డ మూటలో కట్టి తెండి.